భాగమ్మ గంట కొట్టని ఆదివారం

వికారాబాద్‌లో రైలుకట్టకు ఇవతల ఉన్న మా గుడిలో గంట తాడు ఇరవై రెండేళ్లుగా భాగమ్మ చేతిలోనే ఉంది. మేము క్రైస్తవులం. ప్రార్థన చేసుకునే చోటును ఇక్కడ అందరం గుడి అనే అంటాం. ఆ గంటను ఆమె ఎన్ని వేలసార్లు కొట్టిందో నాకు తెలియదు. కొట్టకుండా నిలబడ్డ ఒక్క ఆదివారం మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె గబగబా కొట్టుకుంటుంది. డెబ్భై దాటాక ఇంత హుషారు మంచిది కాదని మా డాక్టరు అంటాడు. అననీ.

ముందు మా సంఘం ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఎవరి పెండ్లి కుదిరినా వరుసగా మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదువుతారు. ఫలానా వారి కొడుక్కీ ఫలానా వారి బిడ్డకూ ఫలానా తేదీన పెండ్లి, దీనికి అడ్డేదైనా తెలిసినవారు ఇప్పుడే చెప్పండి అని పాస్టరుగారు పుస్తకం మూసి ఊరుకుంటారు. ఆ ఊరుకోవడం ఎంతసేపో ఎక్కడా రాసి లేదు. భాగమ్మ భర్త మత్తయ్య గంట కొట్టిన రోజుల నుంచి ఒక కొలత నడుస్తోంది. గంట కొట్టే మనిషి అర నిమిషం పట్టే పరలోక ప్రార్థన మనసులో ఒకసారి చెప్పుకుని ఒక్క దెబ్బ కొట్టాలి. ఆ దెబ్బ పడ్డాక ఇక ఎవరి అభ్యంతరమూ చెల్లదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎవరి పేరు చదువుతున్నారో ఆ పిల్ల ఆ మూడు ఆదివారాలు గుడికి రాదు. సిగ్గని కొందరు, దిష్టి తగులుతుందని కొందరు చెప్పేవారు. ఎందుకైతేనేం, అడ్డుందా అని సంఘాన్ని అడిగే వేళకు ఆ పిల్ల ఒక్కతే అక్కడ ఉండదు. ఇన్నేళ్లలో ఇది నాకు వింతగా తోచనే లేదు. భాగమ్మకు తోచింది.

ఆమెది మోమిన్‌పేట్ దగ్గర పల్లె. బడి మొహం చూడలేదు. పత్తి ఏరింది, అల్లం తవ్వింది, పద్నాలుగేళ్లకు పెండ్లి చేసుకుని ఇక్కడికి వచ్చింది. మత్తయ్య పోయినప్పుడు, తాడు ఎవరి చేతికివ్వాలని పెద్దలు మాట్లాడుకోకముందే, మరుసటి ఆదివారం తెల్లవారుతూనే వెళ్లి గంట కొట్టేసింది. ఏడ్చిన కళ్లతో ఉన్న మనిషిని ఎవరేమంటారు? తాడు ఆమెదైపోయింది. అప్పటి నుంచి గుడి ఊడ్చేది, జంపఖానాలు పరిచేది, కుండల్లో నీళ్లు నింపేది, ఆరాధన జరుగుతున్నంతసేపూ తలుపు పక్కన తాడు కింద కూర్చుని వినేది.

ఆ వినడం మామూలు వినడం కాదు. చదువు రాని ఆ మనిషికి వాక్యమంతా చెవుల మీదుగానే లోపలికి పోయింది. ప్రతి శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి నా చేత చదివించుకుంటుంది. నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని, చదవడం నాకు అలవాటు. గబగబా చదివానా, "జర ఆగు టీచరమ్మా, గా మనిషి ఇంక ఇంట్లకెల్లి బయటికే రాలే, నువ్వు అప్పుడే ఊరు దాటిస్తున్నవ్" అంటుంది. నేను వాక్యం ఒంటరిగా, లోలోపల చదువుకునే రకం. ఆమె వింటుంటే అదే వాక్యం అరుగు మీద నలుగురు కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

పోయిన ఏడాది వానకాలంలో ఇమ్మానుయేలు చిన్న బిడ్డ ప్రియదర్శినికి పెండ్లి కుదిరింది. ఇమ్మానుయేలు ఆర్టీసీ డ్రైవరు, మా సంఘ పెద్దల్లో ఒకడు. పెండ్లికొడుకు నవీన్‌కుమార్‌ది తాండూరు. నాపరాళ్లు కోసే మిషన్ నడుపుతాడు. ప్రియ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసింది. లైన్‌మన్ ఉద్యోగానికి రాతపరీక్ష పాసైంది, ఇక స్తంభం ఎక్కే పరీక్ష మిగిలింది. గుడిలో ఫ్యాను ఆగినా మైకు గుర్రుమన్నా ఆమే వచ్చి బాగుచేసేది. పనిచేస్తున్నంతసేపూ కింద నిచ్చెన పట్టుకున్నవాళ్లతో కబుర్లే కబుర్లు. అలాంటి పిల్ల పెండ్లి మాట మొదలైన నాటి నుంచి నోరు విప్పడం మానేసింది. సిగ్గుపడుతోంది అనుకున్నాం.

రెండు ప్రకటనలు అయ్యాయి. మూడోదానికి ముందు శనివారం పొద్దున భాగమ్మ గుడి ముందు ఊడుస్తుంటే, గేటు పక్కన కరెంటు స్తంభానికి నుదురు ఆనించి ప్రియ నిలబడి ఉంది.

"ఏందే, స్తంభంతోని ముచ్చట్లా? మాతోని మాట్లాడుడు బంద్ చేసినవ్?"

పిల్ల ఫోను తీసి చూపించింది.

"నాకు చూపిస్తె నేనేం చదువుత? నువ్వే చదివి చెప్పు."

"పరీక్ష పద్దెనిమిది తారీఖు పెద్దమ్మా. పెండ్లి పదిహేడు."

"మీ నాయినకు చెప్పినవా?"

"చెప్పిన. కోడలు స్తంభాలెక్కుడు తాండూరోల్లు ఒప్పుకోరన్నడు. పెద్దోల్లు మాట్లాడేకాడ ఆడిపిల్ల వినాలె గాని మాట్లాడొద్దని వాక్యంలనే ఉందన్నడు."

"తాండూరోల్లను అడిగిండా మరి?"

"ఏమో."

"పిల్లగాన్ని నువ్వన్న అడగకపోయినవ్?"

"ఆయన నంబరే ఇయ్యలే నాకు."

భాగమ్మ చీపురు కింద పెట్టింది. "సరే, నువ్వు చెప్పు. గీ పెండ్లి నీకిష్టమేనా?"

ప్రియ ఆమె మొహంలోకి చూసింది. "గా మాట అడిగినదానివి నువ్వే ఫస్ట్ పెద్దమ్మా" అని గబగబా గేటు దాటి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం భాగమ్మ మా ఇంటికి వచ్చి, వచ్చినప్పుడల్లా తాగే మంచినీళ్లు కూడా తాగలేదు.

"టీచరమ్మా, ఆడోల్లు మాట్లాడొద్దని రాసింది యాడుంది, తియ్యి."

తీశాను. కొరింథు అనే పట్నంలోని సంఘానికి రాసిన ఉత్తరంలో ఉంది, సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని. చదివాను. ఆమె మొహం చిన్నబోయింది.

"ఇగ మూగోల్ల తరఫున నోరు తెరువుమన్నది తియ్యి."

అది ఇంకెక్కడో ఉంది. ఒక తల్లి, రాజైన తన కొడుక్కి చెప్పుకున్న బుద్ధి. తమ గోడు తాము చెప్పుకోలేని వాళ్ల పక్షాన నువ్వు మాట్లాడు నాయనా అంటుంది ఆ తల్లి. అదీ చదివాను.

"ఆగాగు. గది చెప్పింది తల్లా? ఆడామెనా?"

"అవును."

"ఆడామె చెప్పిన మాట రాసి పెట్టుకున్నరు, తరతరాలు చదువుకుంటున్నరు. మల్ల ఆడోల్లు మాట్లాడొద్దంటరు?"

నాకు నవ్వాగలేదు. ఆమె నవ్వలేదు. "మొదటిది మల్ల చదువు. ఆడికెల్లి కాదు, పైకెల్లి చదువు" అంది.

పైనుంచి చదివాను. చదువుతూ చదువుతూ ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చూశాను. ఎన్నోసార్లు చదివిన అధ్యాయమది. స్త్రీల మాట రాకముందే అదే పుటలో ఇంకో రెండు చోట్ల మౌనంగా ఉండమన్న మాట ఉంది. అర్థం చెప్పేవాడు లేకపోతే అర్థంకాని భాషలో మాట్లాడేవాడు ఊరుకోవాలట. ఒకడు మాట్లాడుతుండగా పక్కవాడికి ఏదైనా తోస్తే మొదటివాడు ఆగాలట. అవి మగవాళ్లకు కూడా చెప్పినవే. నా కళ్లు ఎప్పుడూ వాటి మీదుగా జారిపోయి కిందికే వెళ్లేవి.

భాగమ్మ తొడ చరిచింది. "చూసినవా! గా ఊర్ల అందరు ఒక్కసారే ఒర్రుతున్నరు, తాండూరు బస్టాండ్ల లెక్క. ఒకల్ల తర్వాత ఒకల్లు మాట్లాడుండ్రి అన్నడు పెద్దమనిషి. మొగోల్లకు చెప్పింది మరిచిపోయి మనకు చెప్పింది యాదికి పెట్టుకున్నరు."

"అంత సులువుగా తేలేది కాదు భాగమ్మా. దీని మీద గొప్ప గొప్పవాళ్లే ఒకరితో ఒకరు ఒప్పుకోలేదు."

"ఒప్పుకోకపోనీ. ఇంకోటి ఉన్నది గద, వినేటందుకు తొందరపడాలె, మాట్లాడేటందుకు నిదానించాలె అని?"

"అది ఇంకో ఉత్తరంలో ఉంది."

"నిదానమంటె మొత్తానికే మాట్లాడొద్దని కాదు గద. ఎంత నిదానం టీచరమ్మా? రేపు మూడో ప్రకటన."

నా బీరువా నిండా పుస్తకాలున్నాయి. బీరువా జోలికి పోకుండా మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె అప్పుడు మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఆదివారం వాన పడుతోంది. రేకుల మీద చప్పుడుకు పాస్టరుగారు గొంతు పెంచి చదివారు. ఇమ్మానుయేలు ముందు వరుసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు. ప్రకటన అయింది. అడ్డేదైనా తెలిస్తే ఇప్పుడే చెప్పండి అని పాస్టరుగారు పుస్తకం మూశారు.

నేను మనసులో పరలోక ప్రార్థన చెప్పుకున్నాను. ఆమెన్ దాకా వచ్చాను. గంట మోగలేదు.

మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నాను. మోగలేదు. ఒక పసిబిడ్డ దగ్గింది. తలలు ఒక్కొక్కటే తలుపు వైపు తిరగసాగాయి. భాగమ్మ లేచి నిలబడి ఉంది. తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. చెయ్యి కదలడం లేదు.

"భాగమ్మా" అన్నారు పాస్టరుగారు మెల్లగా. "గంట?"

"కొడ్త అయ్యగారూ. నా ప్రార్థన ఇంక ఒడువలే."

"ఇంతసేపా? ఏడికొచ్చినవ్ అక్కా?" అని వెనకనుంచి ఎవరో అంటే అటు నాలుగు వరుసలు నవ్వాయి.

ఇమ్మానుయేలు నవ్వలేదు. లేచి వెనక్కి తిరిగాడు. "ఏందిది భాగక్కా? నా బిడ్డ పెండ్లికి అడ్డమొస్తున్నవా?"

"అడ్డం కాదు తమ్ముడా. అడ్డముందా అని అయ్యగారు అడిగిండు. ఈడున్నోల్లందరిని అడిగిండు. పెండ్లి ఎవ్వల్దో ఆమె ఒక్కతే లేదు."

"సంఘంల ఆడోల్లు మాట్లాడొద్దని వాక్యం ఉంది."

"నేను మాట్లాడుతున్ననా? గంట కొడ్తలేను, అంతే. మీరు అడుగుతున్నరని జవాబు చెప్తున్న."

ఈసారి స్త్రీల వైపు నుంచి నవ్వులు. పాస్టరుగారు చెయ్యి ఎత్తి అందరినీ ఊరుకోమన్నారు. ఆయన వయసులో చిన్నవాడు, మా ఊరికి వచ్చి రెండేళ్లే. ఆ నిమిషంలో ఆయన ఎటు మొగ్గుతాడో ఎవరికీ తెలియదు.

భాగమ్మే మళ్లీ అంది. "అయ్యగారూ, పండుగ ముందు మీరే వాక్యం చెప్పిండ్రు. ఇస్సాకుకు పిల్లను చూడనీకె ముసలి జీతగాడు ఒంటెలు తోలుకొని పోయిండు. సొమ్ములు పెట్టిండు. అన్నాలు తిన్నరు. పిల్ల నాయిన సరే అన్నడు, అన్న సరే అన్నడు. తెల్లారి ఏమన్నరు? పిల్లను పిలుద్దాం, ఆమె నోటికెల్లి విందాం అన్నరు. అన్నరా, లేదా?"

పాస్టరుగారు బైబిలు తెరిచారు. పేజీలు తిప్పుతుంటే ఆ చప్పుడు మాకందరికీ వినబడింది. చూసుకున్నారు. తలెత్తారు.

"అన్నారు" అన్నారు.

"గప్పుడే అడిగిండ్రు గద అయ్యగారూ. ఇప్పుడు మనకేమొచ్చింది?"

"ప్రియదర్శినిని పిలవండి" అన్నారు పాస్టరుగారు.

స్త్రీల వైపు నుంచి నిరోషా అనే కోడలుపిల్ల లేచి పరుగెత్తింది. గొడుగు చంకలోనే ఉంది, తెరవడం మరిచిపోయింది. పాటెత్తండి అన్నారు ఎవరో. ఎవరూ పాటల పుస్తకం తెరవలేదు. వాన, రేకులు, దూరంగా గూడ్సు బండి. రెండు వీధుల అవతల ఇల్లు. ఆ కాసేపట్లో పిల్ల ఏమంటుందో అని నూటయాభై మందిమి తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. ఏమీ అనకపోతే? తండ్రిని చూసి అంతా ఇష్టమే అనేస్తే? భాగమ్మ గతేమిటి? పెద్దల ముందు ఆమె మొహం ఎలా ఎత్తుకుంటుంది?

ప్రియ వచ్చింది. జుట్టు తడిసి ఉంది, ఒక చేతికి పిండి అంటుకుని ఉంది. తలుపు దగ్గరే ఆగిపోయి తండ్రిని చూసింది. ఆయన నేలచూపు చూశాడు.

"అమ్మా, ఈ పెండ్లికి అడ్డేదైనా ఉందా అని అందరినీ అడిగాం. నిన్ను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. ఎంతసేపైనా తీసుకో. మేము వింటాం" అన్నారు పాస్టరుగారు.

ఇప్పుడు భాగమ్మ పెదవి మెదపలేదు. పిల్ల వైపు కూడా చూడలేదు. తాడు వైపే చూస్తూ నిలబడింది.

"పెండ్లి వద్దనను అయ్యగారూ" అంది ప్రియ. గొంతు మొదట సన్నగా వచ్చింది. "పిల్లగాడెట్లాంటోడో నాకు తెల్వదు. ఫోటోల మంచిగనే ఉన్నడు."

గుడి గుడంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుతో పిల్లకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"పద్దెనిమిది నాడు నాకు స్తంభం పరీక్ష ఉంది. దోమ ఊర్ల మా మామ పొలంకాడ కరెంటు లేని పాత స్తంభం ఉంటె, మూడు నెలలు పోయి నేర్చుకున్న. చేతులు చూడుండ్రి." రెండు అరచేతులూ అందరి వైపు చాపింది. పిండి కింద కాయలు కాచిన చర్మం. "పరీక్ష అయినంక ఏ తారీఖైనా నాకు సరే. కొలువే వద్దంటె మాత్రం... వద్దంటె నాకు గీ పెండ్లి వద్దు."

ఎవరూ నవ్వలేదు.

"తాండూరోల్లకు తెలిస్తె..." అని ఇమ్మానుయేలు కూలబడ్డాడు.

"తెలియాలి గదా" అన్నారు పాస్టరుగారు. "మనమే పోయి చెప్దాం. మధ్యాహ్నం రైలుంది."

రైల్లో మేము అయిదుగురం. పాస్టరుగారు, ఇమ్మానుయేలు, ప్రియ, భాగమ్మ, నేను. నన్ను భాగమ్మే లాక్కొచ్చింది. "ఆడ ఎవరన్న వాక్యం తీయమంటె ఎవరు తీస్తరు?" అని. ఇమ్మానుయేలు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. భాగమ్మ అటుకుల పొట్లం ఆయన ముందుకు మూడుసార్లు జరిపింది. మూడోసారి తీసుకున్నాడు.

తాండూరులో వాళ్ల ఇంటి ముందు నీలి, పసుపు రంగుల నాపరాళ్లు వరుసలుగా పేర్చి ఉన్నాయి. వానకు రాతిపొడి తెల్లటి బురదైంది. పెండ్లికొడుకు తల్లి జ్యోతిరాణి సరిహద్దు అవతల పుట్టిన మనిషి, కంగారు పడితే కన్నడం వచ్చేస్తుంది. "బర్రి, ఒళగ బర్రి! ఇంతమంది ఒక్కసారే? ఎవరికన్న ఏమన్న అయిందా?" అంటూ అందరినీ లోపలికి పిలిచింది.

చాయలు వచ్చాయి. పొద్దున అంత మాట్లాడిన మా వాళ్లు ఇక్కడ ఒక్కరూ నోరెత్తరు! పాస్టరుగారు దగ్గారు. ప్రియ కాలిబొటనవేలితో నేల గీస్తోంది. నేను భాగమ్మను మోచేత్తో పొడిచాను. ఆమె నా చెయ్యి తోసేసి, ఇమ్మానుయేలు వైపు వంగింది.

"నువ్వే చెప్పాలె తమ్ముడా. నేను చెప్తె అది నా మాటయితది."

ఆయన చాయ గ్లాసును చూస్తూనే మొదలుపెట్టాడు. పరీక్ష సంగతి, ఉద్యోగం సంగతి, పొద్దున గుడిలో జరిగింది, అంతా చెప్పాడు. "మీకిష్టం లేదని నాకెరుకే వదినా, కాని పిల్ల..." అంటుండగా జ్యోతిరాణి లేచి నిలబడింది.

"ఏమంటిరి? మాకిష్టం లేదా? ఎవరన్నరు? ఓ అణ్ణా, ప్రధానం నాడు మీరే గద చెప్పింది, మా పిల్ల పెండ్లయినంక కొలువు గిలువు అనదు, ఇంటిపట్టునే ఉంటదని! నేను అయ్యో అనుకున్న. ఇంత చదివిన పిల్లను ఇంట్ల కూసోబెట్టుకొని నేనేం చేసుకోవాలె? కాని పిల్ల తరఫోల్లు అంత గట్టిగ చెప్తున్నంక నడుమ మాట్లాడుడు మర్యాద కాదని ఊకున్న."

"మీరు అడగనే లేదు గద" అన్నాడు ఇమ్మానుయేలు అయోమయంగా.

"మీరు అడగనిచ్చిండ్రా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. పెట్టి, చాలా మెల్లగా అన్నాడు. "పెద్దదానికి మొదటి సంబంధం వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పిన. పిల్ల హైదరాబాద్ల కొలువు చేస్తది, మానదు అని. వాళ్లు చాయ సగంల విడిచి లేచిపోయిండ్రు. గా గ్లాసులు ఇప్పటికీ నా కండ్లల్ల మెదుల్తయి. మల్ల గట్ల కావొద్దని, మీరు అడగకముందే నేనే చెప్పేసిన."

ప్రియ గీతలు గీయడం ఆపి తండ్రి వైపు చూసింది. ఆ సంగతి ఆమెకూ తెలియదని ఆ చూపే చెప్పింది.

అప్పుడే నవీన్‌కుమార్ మిషన్ దగ్గర నుంచి వచ్చాడు. కనుబొమ్మల దాకా తెల్లటి రాతిపొడి. ఇంటి నిండా మనుషులను చూసి గుమ్మంలో ఆగిపోయాడు. తల్లి అంతా చెప్పి, "నువ్వేమంటవురా?" అంది.

"నేనా?" అని వెనక్కి చూశాడు, ఇంకెవరినో అడిగినట్టు. "నన్ను గూడ అడుగుతున్నరా?"

"అడుగుతున్నం, చెప్పు."

"నిచ్చెన రెండు మెట్లెక్కితెనే నాకు కండ్లు తిరుగుతయి. మిద్దె మీద ట్యాంకు కారుతుంటె పక్కింటాయనను బతిలాడుకోవాలె. ఇంట్ల ఎక్కేటోల్లు ఒకరుంటె నాకు ఫికరే లేదు."

"ట్యాంకులు కడగనీకె నేను ఎక్కను. ముందే చెప్తున్న" అంది ప్రియ. పెండ్లికొడుకుతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"వద్దు. నువ్వు ఎక్కుతుంటె నేను కింద నిచ్చెన పట్టుకుంట."

"స్తంభానికి నిచ్చెన ఉండదు."

"మంచిగైంది. గా పని గూడ తప్పింది."

జ్యోతిరాణి కొంగుతో నోరు మూసుకుని నవ్వుతోంది. భాగమ్మ నా భుజం తట్టింది. "లేవు టీచరమ్మా, బయట రాళ్లన్న చూద్దాం. ఇగ వాళ్లను మాట్లాడుకోనీ."

పెండ్లి తేదీ నెలాఖరుకు మారింది. ప్రకటనలు మొదటి నుంచి మళ్లీ మూడుసార్లు చదవాలన్నారు పాస్టరుగారు, ఈసారి పిల్ల గుడిలో ఉండాలని కూడా అన్నారు. బుధవారం పెద్దల కూటంలో మాత్రం ఇద్దరు గట్టిగా పట్టుబట్టారట, ఆరాధన ఆపిన మనిషి చేతిలో తాడు ఉండకూడదని. అందరూ ఇమ్మానుయేలు వైపు చూశారట. అవమానపడ్డవాడు ఆయనే కదా. "తాడు భాగక్క చేతిలనే ఉండనియ్యుండ్రి. ఆ దినం ఆమె కొట్టి ఉంటె, నా బిడ్డ మనసుల ఏముందో నేను సచ్చేదాక వినకపోదును" అన్నాడట. పాస్టరుగారు ఈ మాట చెబుతుంటే భాగమ్మ జంపఖానా దులిపిందే దులిపింది.

పద్దెనిమిదో తారీఖు వచ్చింది! సబ్‌స్టేషన్ వెనక మైదానంలో పరీక్ష. కంచె ఇవతల మేమంతా నిలబడ్డాం. అవతల బెల్టులు కట్టుకున్న అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు. కంచె దగ్గరి కాపలావాడు అందరికీ ఒకటే హెచ్చరిక చేశాడు. "పైకెక్కేటోల్లు బెదురుతరు. అరవొద్దు, పేరు పెట్టి పిలవొద్దు, సప్పుడు చెయ్యొద్దు."

ప్రియ పేరు పిలిచారు. భాగమ్మ కొంగు చివర నోట్లో కుక్కుకుంది. నవీన్‌కుమార్ స్తంభం వైపు వీపు తిప్పి నిలబడ్డాడు, చూడలేనని. "ఎక్కడిదాక పోయింది? సగమైందా?" అని గుసగుసగా అడుగుతున్నాడు. జవాబు చెప్పే వీలు ఎవరికీ లేదు. జ్యోతిరాణి కొడుకు చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కుతోంది, అదే జవాబు.

ఈల ఊదారు. ప్రియ ఎక్కుతోంది. కాళ్లు రెండూ స్తంభాన్ని పట్టేసి, చేతులు పైకి, మళ్లీ కాళ్లు. సగం. సగం దాటింది. ఒకచోట కాలు జారింది. జానెడు కిందికి వచ్చేసింది. అధికారి చేతిలో గడియారం. పిల్ల చెంప స్తంభానికి ఆనించి ఒక్క క్షణం కదల్లేదు. నోట్లో కొంగుతో భాగమ్మ ఏదో అంటోంది, ఒక్క అక్షరమూ బయటికి రాలేదు. పిల్ల మళ్లీ కదిలింది. పైకి, పైకి, ఇంకో మూర.

"అయిపాయె బిడ్డా! తాకు! తాకేయ్!"

ఆ కేక ఇమ్మానుయేలుది. బస్సు హారన్‌లా మైదానమంతా మోగింది. కాపలావాడు కర్ర ఎత్తుకుని వచ్చాడు. పైన ప్రియ స్తంభం కొసను అరచేత్తో చరిచింది. అధికారి గడియారం నొక్కి, కాగితం మీద రాసుకుని తల ఊపాడు. గడువు లోపలే.

"పెద్దమనిషివి, చెప్తె అర్థం కాదా నీకు? నోరు మూసుకొని ఉండరాదా?" అని కాపలావాడు తిడుతుంటే ఇమ్మానుయేలు "తప్పే, తప్పే" అంటూ చేతులు జోడించి ఒకటే నవ్వు. నవీన్‌కుమార్ అప్పటికీ వెనక్కి తిరగలేదు. "దిగిందా? నేల మీదుందా?" అంటున్నాడు.

ప్రియ కంచె దాటి వచ్చింది. మోచేయి గీరుకుని నెత్తురు వచ్చింది. అందరం చుట్టూ మూగి తలో మాటా అంటున్నాం. ఇమ్మానుయేలు మమ్మల్ని జరుపుకుంటూ ఆమె ముందుకొచ్చాడు. ఆమె మోచేతి మీది మట్టి తుడిచాడు. తర్వాత అడిగాడు.

"పైకెల్లి ఏం కనవడ్డది బిడ్డా?"

పిల్ల మొదలుపెట్టింది. రైలుపట్టాలు రెండుగా విడిపోయే చోటు, అనంతగిరి గుట్టల మీద మబ్బు, ఎవరి మిద్దె మీదో ఆరేసిన మిరపకాయలు తడుస్తుంటే ఎత్తడానికి పరుగెత్తుతున్న ముసలమ్మ, కాలు జారినప్పుడు ఏమైందో, అప్పుడు ఏమనుకుందో. చెప్తూనే రోడ్డు మీదికి నడిచింది, ఆయన పక్కనే తల ఊపుతూ నడిచాడు. స్టాపులో మా వైపు వెళ్లే బస్సు వచ్చింది. డ్రైవరు ఆయన దోస్తే, హారన్ కొట్టి పిలిచాడు. ఇమ్మానుయేలు చేత్తోనే పొమ్మన్నాడు. ప్రియ ఇంకా చెప్తూనే ఉంది.